నొప్పి అందరికీ ఉంది, మరి వాపు?

సోమవారం ఉదయం 9 గంటలకు మన ఓపీ వరండాలో కాసేపు నిలబడితే చాలు, కీళ్ల నొప్పులు ఎంతమందికి ఉన్నాయో తెలిసిపోతుంది. రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి "అమ్మా" అనుకుంటూ బెంచీ మీద నుంచి లేచేవాళ్లు, చెప్పులు విప్పడానికి వంగలేక గోడ పట్టుకునేవాళ్లు, మనవడికి జ్వరమని తీసుకొచ్చి "సిస్టరమ్మా, పనిలో పని నా మోకాళ్లకు కూడా ఏమన్న రాయించు" అనే నానమ్మలు. కొత్తపేట నుంచి వచ్చినా, చైతన్యపురి నుంచి వచ్చినా, వనస్థలిపురం, హయత్‌నగర్ నుంచి వచ్చినా చివరికి అనే మాట ఒక్కటే: "నొప్పులు లేనిదెవరికి?"

ఆ మాట అబద్ధం కాదు. కానీ ఆ మాట వల్లే ఒక మనిషికి నేను నష్టం చేశాను. ముందు అది చెప్పి తర్వాత లెక్కల్లోకి వస్తాను.

చాలా ఏళ్ల క్రితం, ఇక్కడికి రాకముందు, వేరే చోట నేను వార్డు ఇన్‌చార్జిగా ఉండేదాన్ని. మా వార్డులో ఒక ఆయమ్మ ఉండేది. నలభై కూడా నిండలేదు. ఒకరోజు డ్యూటీ మధ్యలో వచ్చి "వేళ్లు ఉబ్బినట్టున్నయ్ సిస్టర్, పొద్దున పూట గుడ్డ పిండలేకపోతున్న, ఉంగరం వస్తలేదు" అంది. నేను కేసు షీటు రాస్తూనే, తలెత్తకుండా, "రోజంతా నీళ్లలో పని కదమ్మా, అందరికీ ఉండేదే. వేడినీళ్లలో పెట్టుకో" అన్నాను. నొప్పి మందు ట్యూబు ఒకటి చేతిలో పెట్టాను. ఆమె సంతోషంగా వెళ్లింది. మళ్లీ రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ అదే చెప్పాను. ఏడాది దాటాక ఆమె వేళ్లు చిటికెన వేలి వైపుకు ఒరిగిపోవడం మొదలైంది. అప్పుడు పెద్ద డాక్టరు చూసి కీళ్లవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నారు. ఉంగరాన్ని కట్టర్‌తో కోసి తీయాల్సి వచ్చింది. నర్సింగ్ చదివినదాన్ని నేను. ఆమె నాకు వాపు గురించి చెప్పింది, నేను నొప్పి గురించి మాత్రమే విన్నాను.

ఇక లెక్కలు. కీళ్ల నొప్పులు జనంలో ఎంతమందికి ఉంటాయో తెలుసుకోవాలంటే ఆసుపత్రిలో లెక్కపెడితే కుదరదు, ఎందుకంటే ఆసుపత్రికి వచ్చేదే జబ్బున్నవాళ్లు. ఇల్లిల్లూ తిరిగి అడగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, కీళ్లవ్యాధుల వైద్యుల అంతర్జాతీయ సంఘం కలిసి 1981లో ఇలాంటి సర్వేల పథకం ఒకటి మొదలుపెట్టాయి. దాని పేరు కాప్‌కార్డ్. మన దేశంలో దాన్ని 1996లో మహారాష్ట్రలో, పూణె నుంచి షోలాపూర్ వెళ్లే దారిలో ఉన్న భిగ్వాన్ అనే ఊళ్లో చేశారు. డాక్టర్ అరవింద్ చోప్రా బృందం ఊరివాళ్లకే శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపింది. గడిచిన 7 రోజుల్లో కీళ్లలో గాని, కండరాల్లో గాని నొప్పి ఉందా, వాపు ఉందా, బిగుసుకుపోతున్నాయా అని అడిగించింది. 4,092 మంది పెద్దవాళ్లను అడిగితే 746 మంది ఉందన్నారు. అంటే నూటికి 18 మందికి పైగా. అడిగినవాళ్లు వెళ్లిపోలేదు, వెనకాలే డాక్టర్లు వెళ్లి వాళ్లను పరీక్ష చేశారు కాబట్టి ఈ లెక్కకు విలువ ఉంది.

ఇంకో లెక్క. ఢిల్లీ దగ్గర బల్లభ్‌గఢ్ ప్రాంతంలో డాక్టర్ మాలవీయ, ఆయన తోటి డాక్టర్లు 44,551 మంది పెద్దవాళ్లలో అసలైన కీళ్లవాతం ఎంతమందికి ఉందో వెతికి 1993లో ప్రచురించారు. నూటికి 0.75 మందికి ఉంది.

ఈ రెండూ వేరే వేరే ఊళ్లు, మన ఊరూ కావు. అయినా ఒక అంచనా కోసం మన చైతన్యపురిలో వెయ్యిమంది పెద్దవాళ్లున్న నాలుగు వీధులు తీసుకుందాం. భిగ్వాన్ లెక్కన వాళ్లలో 180 మంది ఈ వారం ఏదో ఒక నొప్పితో ఉన్నారు. బల్లభ్‌గఢ్ లెక్కన కీళ్లవాతం ఉన్నవాళ్లు ఏడెనిమిది మంది. ఈ ఏడెనిమిది మంది ఆ 180 మంది మధ్యలో కూర్చుని ఉన్నారు. పక్కింటావిడా మోకాళ్లు పట్టుకునే నడుస్తోంది, ఎదురింటాయనా నడుము పట్టుకునే నడుస్తున్నాడు. తన నొప్పి వేరే రకమని వాళ్లకెలా తెలుస్తుంది? మా ఆయమ్మకు తెలియలేదు. నాకూ తెలియలేదు.

ఆ 180 మందిలో ఎక్కువమందిది నడుము నొప్పో, మోకాళ్ల అరుగుదలో, పనివల్ల వచ్చిన కండరాల నొప్పో అయి ఉంటుంది. అందులో ఆశ్చర్యం లేదు. 2021లో బాటసింగారానికి తరలిపోయేదాకా గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టులో పెట్టెలు మోసిన హమాలీలను ఎంతమందిని చూశామో! దిల్‌సుఖ్‌నగర్ బట్టల షాపుల్లో రోజంతా నిలబడే అమ్మాయిలు పాతికేళ్లకే మడమలు, పిక్కలు నొప్పులంటూ వస్తారు. వీళ్లకు కావలసింది ముందుగా కూర్చోవడానికి ఒక స్టూలు. మందు తర్వాత సంగతి. (షాపుల యజమానులు ఈ పత్రిక చదివితే బాగుండును.)

మోకాళ్ల అరుగుదల సంగతి కొస్తే, దేశంలో ఐదు చోట్ల ఎక్స్‌రేలతో సహా పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో నూటికి 28.7 మందికి ఉన్నట్టు తేలింది. ఆడవాళ్లలో నూటికి 31.6. ఎక్స్‌రేలో అరుగుదల కనబడిన ప్రతివాళ్లకీ నొప్పి ఉండదు, అది కూడా గుర్తుంచుకోండి. ప్రపంచం మొత్తం మీద 2019లో అరుగుదల జబ్బు ఉన్నవాళ్లు 52 కోట్ల 80 లక్షల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కీళ్లవాతం ఉన్నవాళ్లు 1 కోటి 80 లక్షలు. వీళ్లలో నూటికి 70 మంది స్త్రీలు.

అరుగుదల ఉన్నవాళ్లకు నేను చెప్పేవి కొత్తవేమీ కావు. బరువు తగ్గించుకోండి. తొడ కండరం బలపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. మంచం మీద కాలు చాపి, మోకాలి కింద చుట్టిన టవలు పెట్టుకుని, దాన్ని కిందికి నొక్కి పదంకెలు లెక్కపెట్టే వరకు ఉంచండి. ఒక్కో కాలికి పదిసార్లు, పొద్దునా సాయంత్రం. కర్ర పట్టుకునేవాళ్లు నొప్పి ఉన్న కాలికి ఎదుటి చేతిలో పట్టుకోవాలి. పది మందిలో ఏడుగురు తప్పు చేత్తోనే పట్టుకుని వస్తారు, ఇది నేను వరండాలో చూసిన లెక్క మాత్రమే. కింద కూర్చుని కూరగాయలు తరగడం, బాసింపట్లు వేసుకుని గంటలకొద్దీ కూర్చోవడం మానాలి, వీలైతే ఇంట్లో కుర్చీ కమోడ్ పెట్టించుకోవాలి. మోకరించి ప్రార్థన చేయలేకపోతున్నానని కన్నీళ్లు పెట్టుకునే పెద్దమ్మలు మన సంఘంలో ఉన్నారు. కుర్చీలో కూర్చుని చేసుకోండమ్మా. ఈ విషయంలో పాస్టరుగారు కూడా నా మాటే చెబుతారు.

మన ప్రాంతానికే ప్రత్యేకంగా చెప్పవలసిన నొప్పులు రెండున్నాయి.

ఒకటి చికెన్‌గున్యా. 1952లో టాంజానియాలో మొదట గుర్తించిన ఈ జ్వరానికి అక్కడి మకొండే భాషలో ఆ పేరు వచ్చింది. మనిషిని వంచేసేది అని దాని అర్థం. మన దేశంలో 1963లో కలకత్తాలోనూ, 1973లో మహారాష్ట్రలోని బార్సీలోనూ వచ్చి, తర్వాత 32 ఏళ్లపాటు దాదాపు కనబడకుండా పోయింది. 2005 చివరలో తిరిగి వచ్చినప్పుడు మొదట దెబ్బతిన్నవాటిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2006లో దేశవ్యాప్తంగా 13 లక్షల 90 వేల మందికి వచ్చి ఉంటుందని ప్రభుత్వ లెక్క. అప్పుడు నేను స్టాఫ్ నర్సుని. నాన్నను కొడుకు, కొడుకును కోడలు పట్టుకుని నడిపించుకుంటూ ఇంటిల్లిపాదీ వంగిపోయి వచ్చిన దృశ్యం ఇప్పటికీ కళ్లముందే ఉంది. జ్వరం నాలుగైదు రోజుల్లో పోతుంది. మడమలు, మణికట్లు, వేళ్ల నొప్పులు మాత్రం కొందరికి నెలల తరబడి, ఇంకొందరికి ఏడాది పైన కూడా ఉంటాయి. ఇప్పటికీ వానాకాలంలో కేసులు వస్తూనే ఉన్నాయి. ఆ దోమ పగలు కుడుతుంది, మంచినీళ్ల డ్రమ్ముల్లో, కూలర్లలో పెరుగుతుంది. నీళ్లు పట్టి పెట్టుకునే ఇళ్లలో వారానికోసారి డ్రమ్ము పూర్తిగా వంచి, తోమి, ఆరబెట్టండి. జ్వరం తగ్గి మూడు నెలలైనా కీళ్లు వాచే ఉంటే "గున్యా నొప్పులే" అని ఊరుకోవద్దు, ఒకసారి చూపించుకోండి.

రెండోది ఫ్లోరైడ్. విజయవాడ రోడ్డు, సాగర్ రోడ్డు బస్సులు ఎల్బీనగర్‌లో ఆగుతాయి కాబట్టి మర్రిగూడ, మునుగోడు, దేవరకొండ వైపు నుంచి వచ్చినవాళ్లు మన ఓపీలో ఎప్పుడూ ఉంటారు. ఇక్కడే స్థిరపడ్డ నల్లగొండ కుటుంబాలూ ఎక్కువే. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ ఉండొచ్చు, వేరే నీళ్లే దొరక్కపోతే 1.5 వరకు పరవాలేదు అని మన దేశ ప్రమాణం. అంతకు ఎన్నో రెట్లున్న బోరునీళ్లు చిన్నప్పటి నుంచి తాగినవాళ్లకు మెడ తిరగదు, నడుము వంగదు, కీళ్లు బిగుసుకుపోతాయి. అలాంటి నీళ్లను పటిక, సున్నంతో శుద్ధిచేసే పద్ధతిని నాగపూర్ నీరి సంస్థ రూపొందించింది. దానికి నల్లగొండ పేరే పెట్టారు. జిల్లా పేరు ప్రపంచానికి అలా తెలియడం మన దురదృష్టం. ఇప్పుడు నది నీళ్లు ఇళ్లకు వస్తున్నాయి, పిల్లలకు అది మేలు. కానీ పెద్దవాళ్ల ఎముకల్లో ఒకసారి వచ్చిన మార్పు వెనక్కి పోదు. అందుకే డాక్టరు దగ్గర "ఇప్పుడెక్కడ ఉంటున్నారు" అన్నదానితో పాటు "ఏ ఊళ్లో పెరిగాను, ఏ నీళ్లు తాగాను" అన్నది కూడా చెప్పండి.

వాపును గుర్తుపట్టడం

నొప్పి ఎంతుందో మీకే తెలుసు, అది ఎదుటివాళ్లకు కనబడదు. వాపు అలా కాదు, చూస్తే కనబడుతుంది, తాకితే తెలుస్తుంది. పిడికిలి బిగించి వేళ్ల మొదళ్ల దగ్గర కణుపులు చూసుకోండి. కణుపుకీ కణుపుకీ మధ్య చిన్న లోయలుంటాయి. అవి పూడిపోయి చదునుగా కనిపిస్తే అది వాపు. రెండు చేతులూ పక్కపక్కన పెట్టి పోల్చండి. తాకితే మెత్తగా, నీళ్లు నిండినట్టు ఉంటే కీలు లోపలి పొర వాచినట్టు. గట్టిగా ఎముకలా ఉండి, వేళ్ల చివరి కణుపుల దగ్గర బుడిపెల్లా ఉంటే అది ఎక్కువగా వయసుతో వచ్చే అరుగుదలే. మా అమ్మకు ఆ బుడిపెలు ఉండేవి. ఎనభై ఏళ్ల వయసులో కూడా ఆ వేళ్లతోనే గారెలు తట్టింది.

తర్వాత పొద్దుటి సంగతి. అరుగుదల నొప్పి నడిచేకొద్దీ, సాయంత్రానికి పెరుగుతుంది. పొద్దున్నే బిగుసుకున్నా పావుగంట, అరగంటలో వదులవుతుంది. కీళ్లవాతం తెల్లవారుజామునే పట్టేస్తుంది, గంటైనా వదలదు. ఎన్ని నిమిషాలు పట్టిందని నేను అడగను, ఎవరూ గడియారం చూసుకోరు. "లేచాక ఎంతసేపటికి జడ వేసుకోగలుగుతున్నావమ్మా? పాల ప్యాకెట్ నువ్వే కత్తిరిస్తున్నావా, పిల్లలు కత్తిరిస్తున్నారా? జాకెట్ హుక్కులు ఎవరు పెడుతున్నారు?" అని అడుగుతాను. జవాబు చెప్పకముందే కొందరికి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్నలు కదా అవి.

వేళ్లు, మణికట్లు, పాదాల చిన్న కీళ్లు రెండు వైపులా వాచి, పొద్దుటి బిగుతు ఉండి, అది ఆరు వారాలు దాటిందంటే ఇక ఆగకూడదు. మొదటి కొద్ది నెలల్లో సరైన మందు మొదలైతే కీలు చెడిపోకుండా చాలావరకు కాపాడవచ్చు. ఒరిగిపోయిన వేలిని మందు తిరిగి నిలబెట్టలేదు. నిమ్స్‌లో ఈ జబ్బులకు ప్రత్యేక విభాగం ఉంది. ఎల్బీనగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో మెట్రో ఎక్కితే ఎక్కడా మారకుండా పంజాగుట్టలో దిగవచ్చు. రక్తపరీక్ష ఒక్కటే చూసుకుని నిర్ణయానికి రావద్దు. ఆర్.ఏ. ఫ్యాక్టర్ జబ్బు ఉన్న కొందరిలో కనబడదు, జబ్బు లేని కొందరిలో కనబడుతుంది. ప్యాకేజీ పరీక్షల్లో యూరిక్ యాసిడ్ కొంచెం ఎక్కువ వచ్చిందని పప్పులు మానేసి కూర్చున్నవాళ్లు కూడా మా దగ్గరికి వస్తుంటారు. పరీక్ష కాగితాన్ని కాదు, కీలును చూపించాలి.

ఈ జబ్బుకు ఎక్కువగా రాసే మందు మెథోట్రెక్సేట్. దీన్ని గురించి నర్సుగా నేను గట్టిగా చెప్పవలసింది ఒకటుంది. ఇది వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. మిగతా బిళ్లల్లా రోజూ వేసుకుంటే నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే చీటీ మీద వారం పేరు పెద్ద అక్షరాలతో రాయించుకోండి. మన సంఘంవాళ్లకు నేను "ఆదివారం రాత్రి" అని చెబుతాను, అయితే మరిచిపోరు. ఫోలిక్ యాసిడ్ బిళ్ల డాక్టరు చెప్పిన రోజుల్లో వేరుగా వేసుకోవాలి. రక్తపరీక్షలు మానకూడదు. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు, గర్భం రాకముందే డాక్టరుకు చెప్పాలి.

ఆగకూడనివి ఇంకా కొన్ని. ఒక్క కీలు హఠాత్తుగా ఎర్రగా, వేడిగా వాచి, జ్వరం కూడా ఉంటే ఆ రోజే రావాలి, రాత్రయినా సరే. చీము పట్టిన కీలు రోజుల్లోనే పాడవుతుంది. ఒకే కీలు నెలల తరబడి వాచి ఉండి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే క్షయ కావచ్చు. 5 నుంచి 15 ఏళ్ల పిల్లలకు గొంతునొప్పి తగ్గిన రెండు మూడు వారాలకు ఇవాళ మోకాలు, ఎల్లుండి మడమ, ఆ తర్వాత మోచెయ్యి అన్నట్టు వాపు మారుతూ ఉంటే "ఎదిగే నొప్పులు" అనుకోకండి. రుమాటిక్ జ్వరం కావచ్చు. కీళ్లు బాగైపోతాయి గాని గుండె కవాటాలు దెబ్బతింటాయి. 21 రోజులకొకసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ రాస్తే, పరీక్షలున్నా, పండగ ఉన్నా మానకండి.

ఇక పొట్లాల మందుల సంగతి. "మూడు రోజుల్లో లేపి నడిపించిండు సిస్టర్" అని ఒక ఆమె ఎంతో సంతోషంగా చెప్పింది. ఎక్కడో ఇచ్చిన పేరులేని పొడి, దాంతో ఒక చిన్న బిళ్ల. ఏడాదిన్నర వేసుకుంది. నేను చూసేసరికి ముఖం గుండ్రంగా ఉబ్బి, చేతుల మీద కందిన మచ్చలు, షుగరు 300 దాటి ఉంది. అంత త్వరగా లేపి నడిపించే పేరులేని మందుల్లో స్టెరాయిడ్ కలిసి ఉంటుందని చాలాసార్లు తేలింది. స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు, డాక్టర్లు కూడా లెక్కగా రాస్తారు. లెక్కలేకుండా వేసుకుంటే షుగరు, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి, తుంటి ఎముక చచ్చుబడవచ్చు. భయపడి ఒక్కసారిగా మానేయడం కూడా ప్రమాదమే, మెల్లగా తగ్గించాలి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్లలూ అంతే, నెలల తరబడి వేసుకుంటే కడుపులో పుండ్లు, మూత్రపిండాల జబ్బు వస్తాయి.

మా ఆయమ్మ ఇప్పుడు రిటైరైంది, మందు వేసుకుంటోంది, నొప్పి తగ్గింది. చెంచాతో తింటుంది. కోసిన ఉంగరాన్ని కంసాలి దగ్గర అతికించి గొలుసుకు వేసుకుంది. మొన్న కూతురిని తీసుకొచ్చి, "దీని చేతులు కూడా ఒకసారి చూడు సిస్టర్" అంది. ఈసారి కలం పక్కన పెట్టి, రెండు చేతులూ పట్టుకుని, కణుపు కణుపూ చూశాను. వాపు లేదు.

మీరు ఓపీకి వచ్చేటప్పుడు ఇప్పటిదాకా వేసుకున్న మందుల అట్టలు, ట్యూబులు, పొట్లాలు అన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకురండి. ఎవరిచ్చారని అడుగుతాం గాని, కోప్పడం.